హైదీ ఊరు ఎవరిది?

స్విట్జర్లాండ్ అనగానే మన వాళ్ళకి ముందు గుర్తొచ్చేది సినిమా పాట. మంచుకొండ, పచ్చిక, చలికి వణుకుతూ పల్చటి చీరలో హీరోయిన్, ఆమె చుట్టూ స్వెట్టరేసుకున్న హీరో. ఆ పాటల్లో ఒక ఊరు కూడా ఉంటుంది. కిటికీల్లో ఎర్ర పూలు, ఒక చర్చి గోపురం, రెండు ఆవులు. మనుషులు మాత్రం కనిపించరు. షూటింగుకి అడ్డమని పక్కకి తప్పుకోమన్నారేమో అనిపిస్తుంది. మన పిల్లలకి ఆ ఊరు పాటలోంచి కాక "హైదీ" పుస్తకంలోంచో, ఆ పేరుతో వచ్చిన కార్టూన్లోంచో తెలుస్తుంది. అక్కడా దాదాపు అదే బొమ్మ: కొండ, మేకలు, మంచి తాతయ్య.

జ్యూరిక్ దగ్గర ఒక ప్రాజెక్టు మీద నేను మూడేళ్ళు ఉన్నాను. ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకున్నాను కనుక వచ్చీరాని జర్మన్ నేర్చుకోక తప్పలేదు. ఆ భాషతో కుస్తీపడుతూ చదివిన పుస్తకాల్లో మూడింటి గురించి ఈ వ్యాసం. మూడూ స్విస్ రచయితలవే, మూడింటిలోనూ ప్రధాన పాత్ర ఒక చిన్న ఊరు. ఒకటి యోహన్నా ష్పీరీ రాసిన "హైదీ". రెండోది యెరేమియాస్ గోట్‌హెల్ఫ్ "బావెర్న్‌ష్పీగెల్", అంటే "రైతుల అద్దం". మూడోది ఫ్రీడ్రిష్ డ్యూరెన్‌మాట్ నాటకం, ఇంగ్లీషులో "ద విజిట్" అన్న పేరుతో చాలామందికి తెలిసే ఉంటుంది. వీటిని విడివిడిగా చదివితే ఒకటి పిల్లల కథ, ఒకటి సంస్కరణ నవల, ఒకటి వికృత హాస్యం. కలిపి చదివితే మూడూ ఒకే ప్రశ్న అడుగుతున్నాయని నా అభిప్రాయం: ఊరు తనదనుకున్నవాణ్ణి ఏం చేస్తుంది, తనది కాదనుకున్నవాణ్ణి ఏం చేస్తుంది? ఊరు విడిచి వచ్చిన మనకి ఇంతకంటే దగ్గరి ప్రశ్న ఇంకేముంది?

ఊరంటే ఒక మనిషి

పుస్తకాల్లోకి వెళ్ళేముందు ఆ ఊరంటే ఏమిటో కాస్త చెప్పాలి. స్విట్జర్లాండ్‌లో ఊరిని "గెమైండె" అంటారు. మన గ్రామ పంచాయితీతో పోల్చవచ్చు గానీ ఆ పోలిక ఎక్కువ దూరం రాదు. మన పంచాయితీ పైనుంచి వచ్చే నిధుల కోసం ఎదురు చూస్తుంది. అక్కడి గెమైండె తన పన్ను రేటు తనే నిర్ణయించుకుంటుంది, బడి నడుపుకుంటుంది, నీళ్ళూ రోడ్లూ చూసుకుంటుంది. ఊళ్ళో దిగిన పధ్నాలుగు రోజుల్లోగా ఆఫీసుకి వెళ్ళి పేరు రాయించుకోవాలి. చెత్త పారెయ్యాలన్నా చాలా ఊళ్ళలో రుసుము కట్టిన ప్రత్యేకమైన సంచీలోనే పారెయ్యాలి. ఎక్కువ గెమైండెలలో ఎన్నికైన సభ ఉండదు. ఓటున్నవాళ్ళందరూ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒకచోట కూర్చుని చేతులెత్తి తేల్చుకుంటారు.

మా ఊళ్ళో అలాంటి సభకి ఒకసారి వెళ్ళాను. ఓటు లేనివాళ్ళకి వెనక విడిగా నాలుగు కుర్చీలు వేశారు, అందులో ఒకటి నాది. బడి పైకప్పు మరమ్మత్తుకి లక్షల ఫ్రాంకుల ఖర్చు పది నిమిషాల్లో పాసయిపోయింది. ఒక నీళ్ళ తొట్టిని నాలుగు గజాలు జరపాలా వద్దా అన్నదాని మీద మాత్రం ముప్పావు గంట చర్చ నడిచింది. లేచి మాట్లాడిన ప్రతివాడూ ముందు తన పేరు చెప్పి, తర్వాత ఎంతకాలంగా ఆ ఊళ్ళో ఉంటున్నాడో చెప్పి, ఆ తర్వాతే విషయంలోకి వచ్చాడు. చివరికి తొట్టి ఉన్నచోటే ఉంది. సభ ముగిశాక అందరికీ వైన్, జున్ను ముక్కలు ఇచ్చారు. ఓటు లేని నాకూ ఇచ్చారు. ఆతిథ్యానికి లోటు లేదు. అయినా చేతులు లెక్కపెట్టే ఆయన మా నాలుగు కుర్చీల దగ్గరికి వచ్చేసరికి చూపు తిప్పుకుని వెళ్ళిపోవటం నాకిప్పటికీ గుర్తుంది. అందులో అమర్యాద ఏమీ లేదు, అది లెక్క. నేను ఆ లెక్కలో లేను.

ఇంకో విశేషం. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదు. దాని బదులు "హైమాట్‌ఓర్ట్" ఉంటుంది, అంటే వంశం ఊరు. ముత్తాత ఏ గెమైండె పౌరుడో అదే మీ ఊరు. మీరు ఒక్కసారైనా అక్కడ అడుగు పెట్టకపోవచ్చు. ఇది మనకి అర్థం కానిదేమీ కాదు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళ పేర్లే కదా! ఎప్పుడో ఏ తాతో విడిచిపెట్టిన ఊరు మన పేరు ముందు కూర్చుని డాలస్ దాకా వచ్చింది. తేడా ఏమిటంటే మన ఊరికి మన మీద ఏ బాధ్యతా లేదు. అక్కడ మాత్రం చాలాకాలం పాటు, మనిషి ఎక్కడున్నా సరే, బీదవాడైపోతే వాణ్ణి పోషించవలసింది ఆ వంశం ఊరే. ఈ ఒక్క నియమం గుర్తుంచుకోండి, ముందు దీనితో చాలా పనుంది.

వలే కాంటన్‌లో టోర్బెల్ అని ఒక కొండ ఊరు ఉంది. రాబర్ట్ నెటింగ్ అనే మానవశాస్త్రజ్ఞుడు దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1981లో పుస్తకం వేశాడు. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో రాసిన "గవర్నింగ్ ద కామన్స్"లో ఆ ఊరిని పెద్ద ఉదాహరణగా తీసుకున్నారు. ఆమెకి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఉమ్మడి ఆస్తి ఎప్పుడూ పాడైపోతుందన్న సిద్ధాంతానికి టోర్బెల్ జవాబు. అక్కడి జనం 1483లోనే కొండ మీది పచ్చికనీ అడవినీ కలిసి వాడుకోవటానికి కాగితం రాసుకుని సంతకాలు చేశారు. 1517లో ఒక నియమం పెట్టుకున్నారు: చలికాలమంతా ఎన్ని ఆవుల్ని మేపగలడో అన్నింటినే వేసవిలో కొండ మీదికి తోలాలి. ఎంత తెలివైన నియమమో చూడండి. ఎవడి ఆశకి వాడి గడ్డివామే హద్దు. ఐదొందల ఏళ్ళ క్రితం రైతులు చేసుకున్న ఏర్పాటిది.

కానీ అదే 1483 కాగితంలో ఇంకో షరతు కూడా ఉంది. బయటివాడు టోర్బెల్‌లో భూమి కొనుక్కున్నా సరే, ఉమ్మడి పచ్చిక మీద గానీ అడవి మీద గానీ వాడికి హక్కు రాదు. పచ్చిక ఐదు శతాబ్దాలు పచ్చగా ఉండటానికీ, బయటివాణ్ణి బయటే ఉంచటానికీ ఒకే కాగితం. స్విస్ ఊరి స్వభావం ఈ రెండు షరతుల్లో ఉంది. ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని మర్చిపోవటం కుదరదు. నేను చెప్పబోయే ముగ్గురు రచయితలూ ఈ రెండింటి మధ్య నలిగినవాళ్ళే.

హైదీ: ఊరు వదంతిగా

"హైదీ" రెండు భాగాలుగా 1880, 1881లలో వచ్చింది. ష్పీరీ 1827లో జ్యూరిక్ కాంటన్‌లోని హిర్జెల్ అనే ఊళ్ళో డాక్టరు గారింట్లో పుట్టింది. ఆమె భర్త జ్యూరిక్ నగర పాలక సంస్థలో ముఖ్య కార్యదర్శిగా పనిచేశాడు. అంటే పాలనకి సంబంధించిన కాగితాల సంగతి ఇంట్లోనే తెలిసిన మనిషి. కథాస్థలం గ్రావుబ్యుండెన్ కాంటన్‌లోని మయెన్‌ఫెల్డ్ పైన డోర్ఫ్లీ అనే పల్లె. డోర్ఫ్లీ అంటేనే "చిన్న పల్లె". పేరు కూడా పెట్టలేదావిడ.

చిన్నప్పుడు సంక్షిప్త రూపంలో చదివినవాళ్ళు పూర్తి పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయంలోనే ఆశ్చర్యపోతారు. కథ మేకలతో మొదలవదు, చాడీలతో మొదలవుతుంది. ఐదేళ్ళ పిల్లని చెయ్యి పట్టుకుని పిన్ని డేటె కొండ ఎక్కుతుంటే, ఊళ్ళో ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు పలకరిస్తారు. ఒకామె కూడా నడుస్తూ మొత్తం కూపీ లాగుతుంది. ముసలాయన ఆస్తి ఎలా తగలేశాడు, నేపుల్స్‌లో సిపాయిగా ఉన్నప్పుడు ఎవణ్ణో చంపాడటగా, కొడుకు మీద దూలం పడి చచ్చిపోతే అది తండ్రి పాపమేనని ఊరంతా ఎందుకంది, ఆయన ఊరితో తెగతెంపులు చేసుకుని కొండెక్కి ఎందుకు కూర్చున్నాడు, ఇవన్నీ మనకి ఊరి నోటి నుంచే తెలుస్తాయి. అందులో ఏది నిజమో రచయిత్రి తేల్చదు. ఈ నేర్పుని పిల్లల పుస్తకమన్న కారణంగా విమర్శకులు చాలాకాలం పట్టించుకోలేదనుకుంటాను. మన పల్లెల్లో అరుగు మీద, బావి దగ్గర ఇలాంటి సంభాషణ విన్నవాళ్ళకి ఆ అధ్యాయం చదువుతుంటే పాత్రల పేర్లు తప్ప ఏదీ కొత్తగా ఉండదు.

ఊరు ఇంకో రకంగానూ కనిపిస్తుంది. పేటర్ తన మేకల్నే కాయడు, ఊరందరి మేకల్నీ కాస్తాడు. పొద్దున్న ఈల వేస్తే ప్రతి ఇంటి నుంచీ మేకలొస్తాయి, సాయంత్రం ఊరి మధ్యకి తోలుకొస్తే పిల్లలు వచ్చి ఎవరి మేకని వాళ్ళు పట్టుకుపోతారు. టోర్బెల్ కాగితంలోని ఉమ్మడి వ్యవస్థని ష్పీరీ ఒక ఈలలో పెట్టింది. ఆ ఉమ్మడి సేవ చేసే కుటుంబమే ఊళ్ళో అందరికంటే బీదది. గాలికి ఊగే గుడిసెలో గుడ్డి నాయనమ్మ గట్టి రొట్టె నమలలేక బాధపడుతుంటుంది. ఆ గుడిసెకి మేకులు కొట్టి బాగుచేసేది ఊరు కాదు, ఊరు వెలివేసిన ముసలాయన. ష్పీరీ ఈ మాట ఎక్కడా ఎత్తిచూపదు. సంఘటన చెప్పి ఊరుకుంటుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ అధ్యాయాలు ప్రవాసులకి ప్రత్యేకంగా గుచ్చుకుంటాయి. ధనవంతుల ఇంట్లో నడవలేని క్లారాకి తోడుగా ఉండటానికి హైదీని తీసుకెళ్తారు. కొండలు కనిపిస్తాయేమోనని పిల్ల చర్చి గోపురం ఎక్కితే ఇళ్ళ కప్పులు తప్ప ఏమీ కనిపించవు. నాయనమ్మ కోసం మెత్తటి రొట్టెలు బీరువాలో దాస్తుంది. ఏడవకూడదని చెప్పారు కనుక ఏడవదు. చివరికి నిద్దట్లో నడుస్తుంది. డాక్టరు చూసి మందు రాయడు, ఇంటికి పంపమంటాడు.

ఇది కల్పన మాత్రమే కాదు. ఈ జబ్బుకి పేరు పెట్టింది స్విస్ దేశంలోనే. 1688లో బాసెల్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో, తిరిగిరావటం, నొప్పి అన్న రెండు గ్రీకు మాటలు కలిపి "నాస్టాల్జియా" అన్నాడు. ఊరి మీద బెంగతో మంచం పట్టిన రోగులవి ఆయన ఉదాహరణలు. ఇంటికి బయల్దేరదీస్తే చాలు, కోలుకోవటం మొదలైందని రాశాడు. ఈ రోజు మనం ఆవకాయ వాసనకో పాత పాటకో వాడే ఈ మాట మొదట్లో ఒక రోగం పేరు. ష్పీరీ ఇంట్లో తండ్రి డాక్టరు కనుక, ఆమె డాక్టరు పాత్ర ఈ రోగాన్ని రోగంగానే చూడటంలో వింత లేదు.

ఇంతవరకూ పుస్తకం గొప్పది. తర్వాతే నా పేచీ. హైదీ తిరిగొచ్చాక తాతకి తప్పిపోయిన కుమారుడి కథ చదివి వినిపిస్తుంది, ఆయన కరిగిపోయి ఆదివారం చర్చికి దిగి వస్తాడు. నిన్నటిదాకా ఆయన పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టినవాళ్ళే వరసగా వచ్చి చేతులు కలుపుతారు, ఆయన మంచివాడని మాకు ఎప్పుడూ తెలుసంటారు. ష్పీరీకి ఇందులోని వెటకారం తెలుసు, రెండు వాక్యాల్లో దాన్ని మెరిపిస్తుంది కూడా. అయినా ఆ మెరుపుని ఆర్పేస్తుంది. పశ్చాత్తాపమంతా ముసలాయనదే. దిగి వచ్చింది ఆయన, ఊరు ఒక్క అడుగు కూడా పైకి ఎక్కలేదు. హత్య పుకారు పుట్టించినవాళ్ళు క్షమాపణ అడగవలసిన అవసరం కథలో ఎక్కడా రాలేదు. అందుకే అది సుఖాంతమే గానీ న్యాయం మాత్రం కాదు. భక్తి ఉన్న రచయిత్రికి ఆ రెండింటి మధ్య తేడా కనపడలేదో, కనపడినా పిల్లల పుస్తకంలో వద్దనుకుందో మరి.

వేలంపాటలో పిల్లలు

ఇంకో విషయం. హైదీ అనాథ. పిన్ని ఆమెని ముందు ఒక ముసలామె దగ్గర డబ్బిచ్చి పెట్టింది, తర్వాత తాత మీద వదిలేసింది, ఆ తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌కి పంపింది. తాత తలుపు తియ్యకపోతే ఏమయ్యేది? ఆ రోజుల్లో ఈ ప్రశ్నకి చాలా గెమైండెల్లో ఒకే జవాబు ఉండేది. ఆ జవాబు గోట్‌హెల్ఫ్ నవలలో ఉంది.

బీదవాణ్ణి పోషించవలసింది వంశం ఊరేనని పైన చెప్పాను. ఆ ఖర్చు తగ్గించుకోవటానికి ఊళ్ళు కనిపెట్టిన పద్ధతి ఇది: అనాథల్ని, పెళ్ళి కాని తల్లులకి పుట్టినవాళ్ళని, బీదల పిల్లల్ని రైతుల ఇళ్ళలో పనికి పెట్టటం. కొన్నిచోట్ల బహిరంగంగా వేలం వేసేవారు. మామూలు వేలంలో ఎక్కువ పాడినవాడికి సరుకు. ఇక్కడ తక్కువ పాడినవాడికి. ఎవడు ఊరి ఖజానా నుంచి తక్కువ డబ్బు తీసుకుని పిల్లవాణ్ణి ఉంచుకుంటానంటే వాడిదే పిల్లవాడు. తీసుకున్నవాడు ఆ లోటుని పిల్లవాడి ఒంట్లోంచి రాబట్టుకునేవాడు. ఈ పిల్లల్ని "ఫెర్‌డింగ్‌కిండర్" అన్నారు.

గోట్‌హెల్ఫ్ అసలు పేరు ఆల్బర్ట్ బిట్జియుస్. బెర్న్ కాంటన్‌లోని ఎమ్మెంటాల్ లోయలో ల్యూట్జెల్‌ఫ్లూ అనే ఊళ్ళో పాస్టరు. 1837లో తన మొదటి నవల రాశాడు. వేలంలో పోయిన ఒక కుర్రాడు తన కథ తనే చెప్పుకుంటాడు, ఆ కుర్రాడి పేరు యెరేమియాస్ గోట్‌హెల్ఫ్. తర్వాత పాస్టరు ఆ పేరే తన కలంపేరుగా ఉంచేసుకున్నాడు. ఇది నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఊరి బడి పర్యవేక్షకుడు, ఊళ్ళో పరువున్న పెద్దమనిషి, తన పుస్తకాలన్నిటి మీదా ఊరు అమ్మేసిన పిల్లవాడి పేరు వేసుకున్నాడు.

నవలగా చూస్తే దానిలో లోపాలు చాలా ఉన్నాయి. ప్రతి నాలుగు పేజీలకీ ఒక ప్రసంగం, కథ ఆగి పాఠకుణ్ణి కూర్చోబెట్టి బుద్ధి చెప్పటం, బెర్న్ మాండలికపు ముళ్ళు. నాలాంటివాడికి పేజీకి పది నిమిషాలు పట్టింది. ష్పీరీ వాక్యం కొండవాగులా పరుగెడితే ఈయనది దుక్కిదున్నినట్టు నడుస్తుంది. కానీ ష్పీరీ చూడని దాన్ని చూశాడు. ఆయన రైతులు రాక్షసులు కారు. వాళ్ళు లెక్కలు చూసుకునే మామూలు మనుషులు. పిల్లవాడికి ఎంత తిండి పెట్టాలి, వాడు ఎంత పని చేస్తాడు, ఊరు ఎంత ఇస్తుంది: ఈ మూడు అంకెలు కూడితే ఎవరూ ప్రత్యేకంగా క్రూరులు కాకుండానే ఒక బాల్యం అయిపోతుంది. చెడ్డవాడి మీద కోపం తెచ్చుకుని పుస్తకం మూసేసే సుఖం ఆయన మనకివ్వడు.

ఇది పాత కథ అనుకోకండి. పిల్లల్ని పనికి పెట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మధ్య దాటాక కూడా సాగింది. చిన్నతనంలో అలాంటి సంస్థల్లోనే గడిపిన రచయిత కార్ల్ ఆల్బర్ట్ లోస్లీ 1924లోనే దాని మీద నిప్పులు చెరుగుతూ పుస్తకం రాస్తే ఊళ్ళు ఆయన మీదే మండిపడ్డాయి. 2011లో "డెర్ ఫెర్‌డింగ్‌బుబ్" అనే సినిమా వచ్చింది. 2013 ఏప్రిల్‌లో అప్పటి న్యాయశాఖ మంత్రి సిమొనెట్టా సొమ్మరూగా బెర్న్‌లో ప్రభుత్వం తరఫున బహిరంగంగా క్షమాపణ చెప్పారు. 2017లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం బతికున్న బాధితులకి తలా 25,000 ఫ్రాంకులు ఇచ్చారు. అంటే హైదీ బొమ్మలున్న చాక్‌లెట్లు ప్రపంచమంతా అమ్ముడవుతున్న రోజుల్లో, ఆ కొండల్లోనే హైదీ వయసు పిల్లలు ఎవరి కొట్టాల్లోనో పేడ ఎత్తుతున్నారన్న మాట.

తిరిగొచ్చిన ఎన్నారై

మూడో రచయిత డ్యూరెన్‌మాట్. 1921లో ఎమ్మెంటాల్ అంచున కొనోల్ఫింగెన్‌లో పాస్టరు గారబ్బాయిగా పుట్టాడు. ఆయన నాటకం 1956లో జ్యూరిక్‌లో మొదటిసారి ఆడారు. గ్యులెన్ అనే చిన్న పట్నం దివాళా తీసి ఉంటుంది. పేడనీళ్ళకి అక్కడి మాట "గ్యుల్లె", దాన్నించి పెట్టిన పేరు. ఆ ఊరి ఆడపడుచు క్లేర్ జఖనాసియన్ కోట్లకి పడగలెత్తి చాలా ఏళ్ళకి తిరిగొస్తుంది. స్టేషన్లో బాండు మేళం, మేయరు స్వాగత పత్రం. ఊరికి సగం, ఊళ్ళోని కుటుంబాలకి సగం చొప్పున వంద కోట్లు ఇస్తానంటుంది. ఒకటే షరతు. పడుచు వయసులో తనని గర్భవతిని చేసి, ఇద్దరు దొంగ సాక్షుల్ని సారాకి కొని, కోర్టులో బిడ్డ తనది కాదని తప్పించుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్‌ని ఎవరైనా చంపాలి.

దేశాంతరం పోయి డబ్బు సంపాదించి, సొంత ఊరికి విరాళంతో తిరిగొచ్చిన మనిషి! ప్రపంచ సాహిత్యంలో ఇంతకంటే భయంకరమైన ఎన్నారై లేదు. మన సంఘాల సావనీర్లలో ఊరికి బడి కట్టించినవాళ్ళ ఫొటోలు చూసినప్పుడల్లా నాకీ నాటకం గుర్తొస్తుంది. వాళ్ళ మంచితనాన్ని శంకించి కాదు. డబ్బుతో పాటు మనం ఏ పాత లెక్క మోసుకెళ్తున్నామో, ఆ డబ్బు ముందు ఊరు ఎలా మారిపోతుందో ఈ నాటకమంత స్పష్టంగా ఇంకేదీ చూపించదు కనుక.

మేయరు ఆ ప్రతిపాదనని మానవత్వం పేరిట తిరస్కరిస్తాడు. చప్పట్లు. మర్నాటి నుంచి జనం ఇల్ కొట్లోనే అప్పు మీద మంచి సిగరెట్లు, మంచి చాక్‌లెట్లు కొంటారు. అందరి కాళ్ళకీ కొత్త పసుపు బూట్లు కనిపిస్తాయి. ఎవరూ చంపుతానని అనరు. అందరూ అప్పు మాత్రం చేస్తుంటారు, ఆ అప్పు తీరే మార్గం ఒక్కటే. చివరికి సభ పెట్టి, న్యాయం గురించి అందమైన ఉపన్యాసం ఇచ్చి, చేతులెత్తుతారు. కెమెరావాళ్ళ దీపం ఆరిపోయిందని మళ్ళీ ఎత్తమంటే మళ్ళీ ఎత్తుతారు. మొదటిసారి దేవుడా అని అరిచిన ఇల్ రెండోసారి అరవడు.

నేను నీళ్ళ తొట్టి చర్చకి కూర్చున్న లాంటి సభే అది. డ్యూరెన్‌మాట్ దెబ్బ కొట్టింది ఆ వ్యవస్థ గుండె మీద. అందరూ చేతులెత్తిన నిర్ణయానికి ఎవరూ బాధ్యులు కారు. అయితే నాకు ఈయనతోనూ ఒక తగాదా ఉంది. గ్యులెన్‌లో ఒక్కడు కూడా నిలబడడు. బడి మాస్టారు తాగి నిజం చెప్పబోయి ఆగిపోతాడు, చివరికి సభలో గొప్ప ఉపన్యాసమిచ్చేది ఆయనే. అన్ని ఊళ్ళూ అమ్ముడవుతాయనటం ఏ ఊరూ అమ్ముడవదనటం కంటే కాస్త తెలివైన మాట, అంతే. ఐదొందల ఏళ్ళు పచ్చికని అమ్ముకోకుండా కాపాడుకున్న టోర్బెల్ ఆయన నాటకంలో ఎక్కడా పట్టదు. ష్పీరీ ఊరికి క్షమాపణ అక్కర్లేకుండా చేస్తే, ఈయన దానికి క్షమాపణే లేకుండా చేశాడు. మధ్యలో నిలబడి ఖాతా పుస్తకం తెరిచి చూపినవాడు గోట్‌హెల్ఫ్ ఒక్కడే. అందుకే ముగ్గురిలో చదవటానికి అందరికంటే కష్టమైన ఆయనకే నా ఓటు.

చేతులెత్తే హక్కు

ఈ ప్రశ్నలు పుస్తకాల్లో ఆగిపోలేదు. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ కాంటన్‌లో ఆడవాళ్ళకి ఓటివ్వాలా అని 1990 ఏప్రిల్‌లో అడిగితే మగవాళ్ళు బహిరంగ సభలో వద్దని చేతులెత్తారు. ఆ నవంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని ఇప్పించవలసి వచ్చింది. ల్యూట్జెర్న్ కాంటన్‌లో ఎమ్మెన్ అనే కాస్త పెద్ద గెమైండె 2000 మార్చిలో పౌరసత్వ దరఖాస్తుల మీద ఓటింగు పెట్టింది. 56 మందిలో నెగ్గింది 8 మంది, ఆ 8 మందీ ఇటలీ మూలాలవాళ్ళు. ఓడినవాళ్ళలో ఎక్కువమంది మాజీ యుగోస్లావియా నుంచి వచ్చినవాళ్ళు. కారణం చెప్పకుండా రహస్య ఓటుతో పౌరసత్వం కాదనటం చెల్లదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళు గడిపినవాళ్ళు ఒక్కసారి ఊహించుకోండి: మీ వీధిలోవాళ్ళు మీ వివరాలు చదువుకుని, మీరు ఉండదగినవాళ్ళో కాదో టిక్కు పెడుతున్నారు. మొహం లేని కంప్యూటరు క్యూ నయమా, మొహమున్న పొరుగువాడి ఓటు నయమా? నాకు తేలలేదు.

మరోపక్క ఆ ఊళ్ళే మనుషుల్లేక ఎండిపోతున్నాయి. వలేలో రెండొందల నలభై మంది మిగిలిన ఆల్బినెన్ 2017 నవంబరులో సభ పెట్టి, నలభై ఐదేళ్ళ లోపువాళ్ళు వచ్చి పదేళ్ళుంటే పెద్దవాళ్ళకి తలా 25,000, పిల్లలకి తలా 10,000 ఫ్రాంకులు ఇస్తామని తీర్మానించింది. అంకె గమనించారా? ఊరు పనికి పెట్టేసిన పిల్లలకి దేశం ఇచ్చిన పరిహారమూ 25,000, ఊరికి రమ్మని పిలవటానికి ఇచ్చేదీ 25,000. ఇది కాకతాళీయమే, అయినా ఏ రచయితా దీన్ని ఇంతకంటే బాగా రాయలేడు. గ్లారుస్ కాంటన్‌లో 2006లో బహిరంగ సభ చేతులెత్తి 25 గెమైండెలని మూడు చేసెయ్యమంది, 2011లో చేసేశారు. 1850లో మూడు వేల రెండొందలకి పైగా ఉన్న గెమైండెలు 2024 మొదటికి 2,131కి వచ్చాయి. ష్పీరీ పుట్టిన హిర్జెల్ కూడా 2018 జనవరి 1న పక్కనున్న హోర్గెన్‌లో కలిసిపోయి, విడి ఊరుగా లేకుండా పోయింది. హైదీని కన్న ఊరు పోయింది, అసలెన్నడూ లేని హైదీ ఊరికి మాత్రం మయెన్‌ఫెల్డ్‌కి బస్సుల కొద్దీ యాత్రికులు వస్తున్నారు.

మనకెందుకు ఇదంతా

అమెరికాలో పుట్టిన మన పిల్లలకి మనం చెప్పే ఊరు ఎలాంటిది? చెరువు, మామిడితోట, సంక్రాంతి, అమ్మమ్మ చేతి ముద్ద. అది మన డోర్ఫ్లీ. అబద్ధమేమీ కాదు. హోఫర్ చెప్పిన ఆ జబ్బు మనకి నిజంగానే ఉంది, దానికి ఆ కథలు మందు కూడా. కానీ ఊరు అనే మాట పక్కనే వాడ అనే మాట కూడా మన భాషలో ఉంది. ఆ వాడలోవాళ్ళు ఏ బావిలో నీళ్ళు తోడుకునేవారు, పాలేరు పిల్లవాడు బడికి ఎందుకు రాలేదు, వాడి జీతం ఎవరు ఎవరితో మాట్లాడుకున్నారు, ఇవి మనం పిల్లలకి చెప్పం. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లోనే "మాలపల్లి" రాశారు. మన దగ్గర గోట్‌హెల్ఫ్‌లు లేరని కాదు. వాళ్ళ పుస్తకాలు పడవెక్కలేదు, అంతే. మన పెట్టెల్లో హైదీలే ఎక్కువ వచ్చాయి.

పిల్లలకి "హైదీ" కొనిపెట్టవద్దని నేననను. పూర్తి పుస్తకమే కొనండి, సంక్షిప్తం వద్దు. మొదటి అధ్యాయంలో ఊరి ఆడవాళ్ళ మాటలు గట్టిగా చదివి వినిపించండి. తాత చర్చికి దిగి వచ్చినప్పుడు పిల్లలు సంతోషిస్తారు, సంతోషించనివ్వండి. ఆ తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: ఆయనకి ఎవరైనా సారీ చెప్పారా? మా అమ్మాయి పేజీలు వెనక్కి తిప్పి చాలాసేపు వెతికింది. లేదని తేలాక, మరి మీ ఊళ్ళో చెప్పారా అని నన్ను అడిగింది. దానికి నేను చెప్పిన జవాబు ఇక్కడ పట్టదు. మూడు రాత్రులు పట్టింది. ఆ మూడు రాత్రులూ మా ఇంట్లో ఊరి గురించి జరిగిన సంభాషణ, అంతకు ముందు పదేళ్ళలో నేను చెప్పిన మామిడితోట కథలన్నిటికంటే నిజమైనది.